చలికాలపు కడలియొడ్డు: చేతొడుగులు, తక్కిన సాధనములు

(హూడిలోని తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



హూడికిని సముద్రమునకును సంబంధమేమి, కడలియొడ్డున గాలము వేయువాని చేతొడుగులను గూర్చి మనము ముచ్చటింపవలసిన పని యేమి అని మీలో కొందరికి తోచవచ్చును. మన యూరినుండి తూర్పున చెన్నపట్టణపు తీరమునకైనను, పడమట మంగళూరు తీరమునకైనను మూడువందల కిలోమీటర్లకు మించిన దారి. మనలో పెక్కు కుటుంబములు తరతరములుగా ఈ సీమలోనే స్థిరపడినవి. మన పెద్దలెరిగిన నీరు చెరువు నీరు. వెదురు గడ, దారము, బెండు, వానపాము. గాలమనిన మన యిండ్లలో తెలిసినది ఇంతమాత్రమే.

అయినను కాలము మారినది. మన చుట్టును వైట్‌ఫీల్డు, మహదేవపుర ప్రాంతములలో సాంకేతిక సంస్థలు వెలసినవి. ఆ దారినే మన పిల్లలెందరో అమెరికా, కెనడా, ఇంగ్లండు దేశములు చేరినారు. అచ్చట సెలవుదినములలో సముద్రపుటొడ్డున నిలిచి గాలము వేయుట ఒక గొప్ప వినోదము. ఆ వేట రక్తికట్టునది మన యెండాకాలము వంటి దినములలో కాదు. ఆకురాలు కాలమునను, చలి ముదురుచున్న దినములలోను. తల్లిదండ్రులు పిల్లలను చూడబోవునప్పుడు ఇచ్చటి అంగడిలో ఉన్ని చేతొడుగులు కొని పెట్టెలో పెట్టుకొని పోవుదురు. బెంగుళూరు చరిత్రలో నమోదైన అతి తక్కువ వేడిమి 7.8 డిగ్రీలు; అదియు 1884 జనవరి 13వ తేదీన. ఇచ్చటి చలిని మనసునందుంచుకొని కొన్న తొడుగు అచ్చటి కడలియొడ్డున ఎంతవరకు పనికివచ్చునో విచారింపవలసియున్నది.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఒక్కటే. కడలియొడ్డున తొడుగు చేతొడుగును దాని దళసరిని బట్టి ఎన్నుకొనరాదు. తడిసినప్పుడు అది ఏమగును, దానిని తొడిగిన చేతితో ఏయే పనులు చేయగలము అను రెండు ప్రశ్నలు వేసికొని ఎన్నుకొనవలెను. తక్కిన సాధనములకును ఇదియే కొలబద్ద. ఏలయన, అచ్చట వ్రేళ్ళు మొద్దుబారుట ప్రాణాపాయమునకు తొలిమెట్టు కాగలదు.

ముందుగా చలి పనిచేయు తీరును తెలిసికొందము. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు అధికముగా వేడిని ప్రసరింపజేయును. అందుచేతనే 20 డిగ్రీల గాలిలో పలుచని చొక్కాతో హాయిగా తిరుగువాడు, అదే వేడిమి గల నీటిలో చాలసేపు నిలిచినచో వణకిపోవును. దీనికి గాలి తోడైనచో కష్టము ఇనుమడించును. తడిసిన గుడ్డనుండి నీరు ఆవిరియగుచు శరీరపు వేడిని లాగికొనును. వేసవిలో మట్టికుండ నీటిని చల్లబరచు విధమిదియే కదా! తడిసిన నూలు చేతొడుగు తొడిగికొని గాలికెదురుగా నిలిచినవాని చేయి ఆ కుండలోని నీటివంటిది.

చేతి చర్మపు వేడిమి సుమారు 15 డిగ్రీలకు దిగినది మొదలు వ్రేళ్ళ నేర్పు తగ్గిపోవును. 8 డిగ్రీల ప్రాంతమునకు వచ్చునప్పటికి స్పర్శజ్ఞానమే చాలవరకు నశించును. అప్పుడు దారమునకు ముడి వేయలేము, గాలము ఊడదీయలేము, నడికట్టు బిగింపలేము. ఇంతేకాదు. శరీరము తన లోపలి వేడిని కాపాడుకొనుటకై చేతులకును కాళ్ళకును పోవు రక్తనాళములను ముడుచును. కావున తలను, మొండెమును వెచ్చగా ఉంచుకొననివాడు ఎంత వెలగల చేతొడుగు తొడిగినను ఫలము స్వల్పమే.

మన తెలుగు కడలిజనులు చేతొడుగులు లేకయే బ్రదుకుచున్నారు కదా అని మీరనవచ్చును. నిజమే. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు గల పల్లెలలో మత్స్యకారులు తరతరములుగా వట్టిచేతులతోనే తెప్పలు నడపినారు, వలలు లాగినారు. అలివివల లాగునప్పుడు ఒడ్డున రెండు జట్లు నిలిచి, వలయొక్క రెండు కొసల త్రాళ్ళను కలిసికట్టుగా లాగుదురు. ఒడిశాలోని పూరీ పట్టణమున పెంఠకట యను పేట కలదు. అచ్చటి మత్స్యకారులు తెలుగు మాటలాడువారు. మనవలెనే పరభాషా రాష్ట్రమున మాతృభాషను నిలుపుకొన్నవారు. వారిని అచ్చట నోలియాలు అందురు. శంకువు ఆకారపు తెల్లని టోపీ ధరించి, సముద్రస్నానమునకు వచ్చిన యాత్రికులను కెరటములనుండి కాపాడు పనిలో వారికి గల ప్రసిద్ధి మీరు వినియేయుందురు.

అయితే వారి వట్టిచేతులను చూచి మనము చలిదేశములకు పాఠము నేర్చుకొనరాదు. బంగాళాఖాతపు నీరు విశాఖపట్టణము వద్ద జనవరిలోనైనను సుమారు 25 డిగ్రీల వెచ్చదనము కలిగియుండును. అచ్చట చేతికి శత్రువులు వేరు: త్రాటి ఒరపిడి, ఉప్పునీటిలో నానిన పగుళ్ళు, జెల్లచేప ముల్లు. అట్టి ముల్లును తొడుగు ఆపజాలదు. చేపను చేతితో తాకక పటకారుతో గాలము తీయుటయే ఉపాయము. మనము వారివద్ద నేర్వవలసినది మరియొకటి కలదు. సముద్రము పని ఒంటరివాని పని కాదు. ఒకడు నీటిలోనున్నచో ఒకడు ఒడ్డునుండి చూచుచుండవలెను. కెరటముల నడకను కనిపెట్టిన పిదపనే అడుగు వేయవలెను. చేతొడుగు లేనివాడు కూడ ఈ నియమముతో బ్రదుకును. ఈ నియమము లేనివానిని ఏ తొడుగును కాపాడదు.

ఇక చలిదేశపు తీరమును చూతము. మన తెలుగువారు విస్తారముగా నివసించు న్యూజెర్సీ రాష్ట్రమునే ఉదాహరణగా తీసికొందము. ఎడిసన్ పట్టణమునుండి శాండీహుక్ అను ఇసుకతిన్నె సుమారు గంట ప్రయాణము. ఇంకను దక్షిణమున ఐలండ్ బీచ్ అను ప్రభుత్వ ఉద్యానవనపు తీరము కలదు. ఆకురాలు కాలమున చారలబాసు అను పెద్దచేప ఉత్తర జలములనుండి దక్షిణమునకు ఒడ్డు వెంబడి తరలివచ్చును. చిన్నచేపల గుంపులను తరుముచు అది కెరటముల నురుగులోనికే వచ్చును గాన, ఒడ్డున నిలిచినవానికి అందును. అక్టోబరు, నవంబరు నెలలలో దానికొరకు జనులు తెల్లవారుజాముననే తీరము చేరుదురు. నవంబరు చివరకు అచ్చటి నీటి వేడిమి సుమారు 10 డిగ్రీలు. నడిచలికాలమున నాలుగైదు డిగ్రీలకు దిగును. మన శీతలపేటికలోని నీరు దాదాపు అంతే చల్లగా నుండును. ఆ నీటిలో మోకాలిలోతున నిలిచి, ఎదురుగాలిలో, రెండుమూడు గంటలు గాలము విసరవలెను. 

ఆ పనికి చేతొడుగులు నాలుగు తెగలు కనబడును.

మొదటిది ఉన్ని. ఉన్ని తడిసినను దాని పోగులమధ్య కొంత గాలి నిలుచును గాన, పిండి మరల తొడిగినచో కొంత వెచ్చదనమిచ్చును. వ్రేళ్ళకొనలు లేని ఉన్ని తొడుగులను చలిదేశపు జాలరులు బహుకాలముగా వాడుచున్నారు. కొనలు బయటనుండుటచే ముడి వేయుట సులభము. గాలిని మాత్రము అది ఆపజాలదు. గాలి విసరునప్పుడు దానిపై మరియొక పొర కావలెను. నూలు తొడుగు చూపునకు ఉన్నివలె నుండవచ్చును గాని, తడిసినచో చలిని మోసితెచ్చును. కొనునప్పుడు చీటీ చదివి, ఉన్నియా నూలా తెలిసికొనవలెను.

రెండవది నియోప్రీను. 1930లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో పుట్టిన కృత్రిమ రబ్బరు ఇది. దీనిని నురుగువలె పొంగించినచో లోపల సన్నని వాయుబుడగలు నిలుచును. అవియే వేడిని కాపాడును. 1952లో హ్యూ బ్రాడ్నర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఈ పదార్థముతో ఈతగాండ్ర దుస్తులను రూపొందించెను. లోనికి కొంచెము నీరు వచ్చినను అది చర్మమునకును తొడుగునకును నడుమ కదలక నిలిచి వెచ్చబడును. కావున తడియు పనికి ఇది మేలైనది. రెండు మిల్లీమీటర్ల దళసరి గలది వ్రేళ్ళకు చురుకుదనమిచ్చును. మూడు నుండి ఐదు మిల్లీమీటర్లది వెచ్చదనమిచ్చును. చాలమందికి మొదట రెండుమూడు మిల్లీమీటర్లదియే తగినది. బొటనవ్రేలు, చూపుడువ్రేలు కొనలను వెనుకకు మడువదగిన తొడుగులును దొరకును. ముడి వేయుటకు అవి అనుకూలమే గాని, ఆ చీలికలగుండ నీరు దూరును. అల చేతిపై పడుచోట అవి తగవు.

మూడవది రబ్బరు పూత గల అల్లిక తొడుగు. మన చుట్టుపట్ల కర్మాగారములలో పనివారు తొడుగునది ఇదియే; ఏ ఇనుపసామానుల అంగడిలోనైనను స్వల్పమైన వెలకు దొరకును. అరచేతివైపు పూత ఉండుటచే జారు చేపయైనను, తడిసిన కఱ్ఱయైనను పట్టు చిక్కును. వెనుకవైపు పూత లేనిదైనచో నీరు దిగును. పలుచని ఉన్ని తొడుగుపై ఒక కొలత పెద్దదైన, మణికట్టు దాటి వచ్చు రబ్బరు తొడుగు వేసికొనుట పేదసాదలకు తగిన ఉపాయము. అయితే రబ్బరు లోపల చెమట పట్టును. గంటకొకమారు లోపలి ఉన్నిని మార్చవలెను.

నాలుగవది మంచుక్రీడలకు తొడుగు దళసరి గ్లౌజు. అంగడిలో అన్నిటికంటె ఆకర్షించునది ఇదియే; తల్లిదండ్రులు కానుకగా కొనునదియు ఇదియే. పొడిమంచులో అది చక్కగా పనిచేయును. ఉప్పునీటిలో మునిగినచో లోపలి దూది నీరు త్రాగి, ఆ దినమంతయు ఆరదు. పైగా ఆ వ్రేళ్ళతో దారమును పట్టలేము. వాహనమునుండి ఒడ్డువరకు నడచునప్పుడు, తిరిగి వచ్చునప్పుడు తొడిగికొనుటకు దానిని ఉంచుకొనవచ్చును.

ఏ తెగయైనను చేతికి బిగుతుగా ఉండరాదు. బిగుతు తొడుగు రక్తమును అడ్డగించి చేతిని మరింత చల్లబరచును. బొటనవ్రేలిని విడిచి అరచేతి చుట్టుకొలత తీసికొని, లోపల మరియొక పలుచని తొడుగు పట్టునట్లు ఎన్నుకొనవలెను. అంగడిలోనే నాలుగు పరీక్షలు చేయవచ్చును. తొడుగుతో పిడికిలి బిగించి చూడుడు. బల్లమీది నాణెమును తీయుడు. దారమునకు ఒక ముడి వేయుడు. నడికట్టు కొక్కెమును విప్పి మరల పెట్టుడు. ఈ నాలుగింటిలో కడపటిది చేయలేని తొడుగును తిరిగి యిచ్చివేయుడు. ఇంటికి వచ్చిన పిదప మరియొక పరీక్ష కలదు. బొక్కెనలో మంచుగడ్డలు వేసిన నీటిలో తొడుగును ముంచి, పిండి, తొడిగికొని, పంకా యెదుట పది నిమిషములు కూర్చుండుడు. అంగడివాని మాటకంటె ఈ పది నిమిషములు ఎక్కువ చెప్పును.

ఎంత మంచిదైనను ఒక్క జత చాలదు. రెండు జతలు తప్పక ఉండవలెను. రెండవది నీరు చొరని సంచిలో, పొడిగా. మొదటి జత తడిసి చలి పుట్టగానే మార్చవలెనే గాని, చేయి మొద్దుబారువరకు ఆగరాదు. మొద్దుబారిన చేతితో తొడుగు మార్చుటయే కష్టము.

గాలము విసరువాని చూపుడువ్రేలికి మరియొక రక్షణ కావలెను. విసరునప్పుడు సీసపు గుండు బరువంతయు ఒక్క క్షణము ఆ వ్రేలిమీద పడును. నేటి అల్లిక దారములు సన్ననివి, బలమైనవి, వ్రేలిని కోయగలవు. ఆ వ్రేలికి దళసరి తోలు ముక్కగాని, దానికొరకే అమ్ము వ్రేలితొడుగు గాని ఉండవలెను. ఇక తిరిగి నీటిలో విడువదలచిన చేపను పొడి ఉన్ని తొడుగుతో పట్టరాదు. చేప ఒంటిపై జిగురుపొర కలదు. అది రోగములనుండి దానికి కాపుదల. ఉన్ని దానిని ఊడ్చివేయును. చేతిని గాని, నునుపైన రబ్బరు తొడుగును గాని తడిపి పట్టవలెను.

వ్రేళ్ళకు పని తగ్గించుటయు వ్రేళ్ళను కాపాడుటయే. గాలములు, సీసములు కట్టిన దారములను ముందునాటి రాత్రి ఇంటివద్దనే సిద్ధపరచుకొని, ఒక్క కొక్కెము తగిలించినంత మాత్రమున పని జరుగునట్లు చూచుకొనవలెను. పటకారును త్రాటితో నడుమునకు కట్టుకొనవలెను. దీపము చేతిలో గాక తలకు కట్టుకొనునదై యుండవలెను. రీలుకు పెద్ద పిడి ఉన్నచో తొడుగుతోనే త్రిప్పవచ్చును. ఎరతో చారలబాసును పట్టువారు గుండ్రని గాలములనే వాడవలెనను నియమము అమెరికా తూర్పుతీరమున 2021 నుండి అమలులోనున్నది. అట్టి గాలము సాధారణముగా చేప పెదవి మూలనే తగులును గాన, ఊడదీయుట చేపకును మేలు, చలిచేతికిని మేలు. పట్టదగిన చేప కొలతలు మారుచుండును. బయలుదేరుటకు ముందు ఆ యేటి నిబంధనలు చూచుకొనవలెను.

దుస్తులలో ఒంటికంటి లోపలి పొర నూలుది కారాదు. ఉన్ని గాని, చెమటను బయటికి పంపు కృత్రిమపు నేత గాని కావలెను. నడిమి పొర వెచ్చదనమునకు, పై పొర గాలికిని నీటికిని అడ్డుగా. పై అంగీకి మణికట్టువద్ద గట్టిగా బిగియు పట్టీ ఉండవలెను. లేనిచో చేయి పైకెత్తి విసరిన ప్రతిసారియు నీరు మోచేతివరకు జారును. అప్పుడు చేతొడుగు ఎంత మంచిదైనను వ్యర్థము. చెవులను కప్పు ఉన్నిటోపీ తప్పనిసరి.

నీటిలో దిగువారు వేడర్లు అను రొమ్ముదాక వచ్చు జలకవచమును తొడుగుదురు. దీనికి నడికట్టు ప్రాణము. నడికట్టు బిగించియున్నచో పడినప్పుడు నీరు ఒక్కుమ్మడిగా లోపలికి చొరదు. నీటిలో మునిగియున్నంతసేపు వేడర్లలోని నీటి బరువు తెలియదు. లేచి ఒడ్డెక్కబోవునప్పుడే అది కాళ్ళను కట్టివేయును. రాళ్ళగట్టుపై నిలుచువారికి మేకులు గల చెప్పులు కావలెను. ఇసుకకు అవి అక్కరలేదు. పచ్చని నాచు పట్టిన రాతిపై కాలు పెట్టరాదు. తీరము చేరగానే పావుగంట ఊరక నిలిచి కెరటములను చూడవలెను. కడలికి వీపు చూపరాదు. ప్రవాహము లోనికి లాగినచో దానికెదురీదక, ఒడ్డునకు సమాంతరముగా ఈది బయటపడవలెను. గాలి నిండి ఉబ్బు రక్షణకవచము నేడు మెడలో వేసికొనునంత తేలికగా దొరకుచున్నది.

చల్లని నీటిలో పడినవాని సంగతి కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ మూడు అంకెలతో చెప్పెను: ఒకటి, పది, ఒకటి. మొదటి ఒక్క నిమిషము ఊపిరి ఎగసిపడును. అప్పుడు కంగారుపడక శ్వాసను అదుపునకు తెచ్చుకొనవలెను. తరువాతి పది నిమిషములవరకే చేతులు కాళ్ళు మన మాట వినును. చలిచే స్పృహ తప్పుటకు సుమారు గంట పట్టును. అనగా స్పృహ యుండగనే చేతులు మనలను విడిచిపోవునన్నమాట. ఈ పది నిమిషములలో నడికట్టు పట్టుటకో, రక్షణకవచపు త్రాడు లాగుటకో వ్రేళ్ళు కావలెను. ముందే మొద్దుబారిన వ్రేళ్ళతో నీటిలో పడినవానికి ఆ పది నిమిషములును ఉండవు. నాలుగు పరీక్షలలో నడికట్టు పరీక్షకు మేమంత ప్రాధాన్యమిచ్చినది అందులకే.

తోడివాడు వణకుచు, మాట తడబడుచు, నడక తప్పుచున్నచో వేట అంతటితో చాలింపవలెను. వణకు ఆగిపోయి మగతగానున్నచో అపాయము మరింత ముదిరినదని తెలిసి వైద్యసహాయము పిలువవలెను. తడిబట్టలు తీసి పొడి కంబళ్ళు కప్పవలెను. స్పృహలోనున్నచో తియ్యని వేడిపానీయము ఈయవచ్చును, మద్యము ఈయరాదు. మొద్దుబారిన చేతులను రుద్దరాదు, నిప్పుసెగకు పెట్టరాదు. స్పర్శ లేని చేతికి కాలుటయు తెలియదు. మధుమేహము గలవారు, పొగత్రాగువారు, రక్తపుపోటునకు కొన్నివిధముల మందులు వాడువారు చలికి చేతులను త్వరగా కోల్పోవుదురు. పిల్లలను చూడబోయి వారితో ఒడ్డునకు పోవు పెద్దలు ఈ మాటను ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. వారు పొడి ఇసుకమీదనే కూర్చుండి చూచుట మేలు.

డబ్బు పరిమితమైనచో దేనికి ముందు వ్యయము చేయవలెను? మా యభిప్రాయమున మొదట రక్షణకవచము, నడికట్టు; పిదప గాలిని నీటిని ఆపు అంగీ; ఆ పిదప రెండు జతల చేతొడుగులు; వెలగల కఱ్ఱ, రీలు చివరకు. అంగడివారు సాధారణముగా ఈ వరుసను తలక్రిందులుగా చెప్పుదురు.

ఈ చలికాలమున పిల్లలవద్దకు పోవువారు కానుక కొనుటకు ముందు వారికి ఒక ఉత్తరము వ్రాయుడు, లేక ఫోనులో అడుగుడు: మీ తీరమున నీటి వేడిమి ఎంత? నీటిలో దిగుదువా, ఒడ్డుననే నిలుతువా? అరచేతి కొలత ఎంత? తోడు ఎవరు వచ్చుదురు? తోడెవరును లేరని బదులు వచ్చినచో, చేతొడుగుల మాట పక్కనుంచి, ముందు ఆ సంగతినే మాటలాడుడు.